చెయ్యి పనిలో ఉంటే చెవికి ఏ కథ? తేలికైన ఆడియో నవలలు ఎంచుకునే పద్ధతి

నేను మొదటిసారి ఆడియో పుస్తకం విన్న రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. పుస్తకం మంచిదే, చదివినతను కూడా బాగా చదివాడు. తప్పు నాదే. ఎప్పటి నుంచో చదవలేక పక్కన పెట్టిన పెద్ద నవల, వంట చేస్తూ వినేస్తే ఓ పనైపోతుంది కదా అనుకున్నాను. అందులో కథానాయకుడు ఒక కుర్చీలో కూర్చుని 40 నిమిషాల పాటు తన చిన్నతనం గురించి ఆలోచించాడు. ఆ ఆలోచనలోంచి ఇంకో ఆలోచన. ఉల్లిపాయలు వేగేసరికి అతను ఏ వయసులో ఉన్నాడో నాకు తెలియలేదు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. ఈసారి ఉల్లిపాయలు మాడాయి.

అప్పటి నుంచి నాకు అర్థమైనది ఇది. పని చేసుకుంటూ వినడానికి మంచి పుస్తకం అక్కర్లేదు, ఆ పనికి సరిపోయే పుస్తకం కావాలి. రెండూ ఒకటే అయితే అదృష్టం. ఎలా ఎంచుకోవాలో, నేను చేసే వరుసలోనే చెప్తాను.

1. ముందు పనిని చూసుకోండి

యాప్ తెరిచి "టాప్ 10" చూడటం తర్వాత. ముందు మీరు ఏ పని చేస్తూ వింటారో చూసుకోండి.

అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం, ఇస్త్రీ, ఇల్లు తుడవడం, గోరుచిక్కుళ్ళు ఒలవడం, రోజూ నడిచే దారిలో వాకింగ్. ఇవన్నీ చెయ్యి తనంతట తాను చేసుకుపోయే పనులు. మాటలతో సంబంధం లేదు. కథకి వీటిని మించిన జోడీ లేదు.

వంట వేరే రకం. కూరగాయలు తరుగుతున్నంత సేపూ చెవి ఖాళీయే. పోపు వేసే 2 నిమిషాలు మాత్రం మొత్తం మనిషి అక్కడే ఉండాలి. పైగా కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాలి. అంటే వంటలో కథ ముక్కలు ముక్కలుగా చెవిన పడుతుంది. దానికి తగిన కథే పెట్టుకోవాలి.

ఇక మెయిల్ రాయడం, ఇంటి ఖర్చులు లెక్క వేయడం, పిల్లల హోంవర్క్ చూడటం, వాట్సాప్‌లో జవాబులివ్వడం. ఈ పనులప్పుడు ఎంత తేలిక కథైనా వద్దు. కథా మాటలే, మెయిలూ మాటలే. బుర్రలో మాటలు నడిచే దారి ఒక్కటే, అందులో రెండు బళ్ళు ఒకేసారి పోవు. కథ వింటున్నాం అనుకుంటాం గానీ, మెయిల్ పంపాక చూస్తే 3 అధ్యాయాలు గాలికి పోయి ఉంటాయి. అప్పుడు వీణ పెట్టుకోండి, సన్నాయి పెట్టుకోండి. మాటల్లేనిది ఏదైనా ఫరవాలేదు.

2. రెండు నిమిషాల పరీక్ష

పుస్తకం నమూనా చాలా యాప్‌లలో ఉచితంగా వినొచ్చు. అది సోఫాలో కూర్చుని వినకండి. నిజంగా ఆ పని చేస్తూనే, కుళాయి తిప్పి ఉన్నప్పుడు, చిమ్నీ మోగుతున్నప్పుడు వినండి. 5 నిమిషాలు విన్నాక కావాలనే ఇయర్‌ఫోన్ తీసేసి, కథ నడుస్తుండగా 2 నిమిషాలు వేరే గదిలోకి వెళ్ళి రండి. తిరిగొచ్చాక అరనిమిషంలో కథ పట్టు మళ్ళీ దొరికిందా? దొరికితే ఆ పుస్తకం పనికొస్తుంది. "ఈవిడెవరు? ఎవరి పెళ్ళి?" అని తల గోక్కోవాల్సి వస్తే, ఎంత గొప్ప పుస్తకమైనా ఆదివారం మధ్యాహ్నానికి దాచుకోండి.

ఈ పరీక్షలో నెగ్గే పుస్తకాలకి కొన్ని గుణాలుంటాయి. కథ వరుసగా ముందుకే నడుస్తుంది, గతంలోకీ వర్తమానంలోకీ దూకులాడదు. ఒకరే చెప్తుంటారు, లేదా ఒకరి వెనకాలే కథ తిరుగుతుంది. మనుషులు తక్కువ. జరిగేదంతా బయట జరుగుతుంది, మనసు లోపల కాదు.

పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. అచ్చులో సుబ్బారావు, సుబ్బరామయ్య, సుబ్బలక్ష్మి పక్కపక్కనే ఉన్నా కన్ను తేడా పట్టేస్తుంది. అనుమానం వస్తే 2 పేజీలు వెనక్కి తిప్పుతాం. చెవికి ఆ సదుపాయం లేదు. కుళాయి హోరులో ముగ్గురూ "సుబ్బ..." అనే వినిపిస్తారు. పెద్ద ఉమ్మడి కుటుంబం కథల్లో పెద్దమ్మాయి, చిన్నమ్మాయి, పెద్దల్లుడు, చిన్నల్లుడు అని బంధుత్వాలతోనే నడిపిస్తుంటారు. అక్కడా ఇదే చిక్కు. మొదటి 10 నిమిషాల్లో 5 పేర్లు దాటితే నేను పక్కకి జరుగుతాను.

3. మన దగ్గర తేలికగా వినిపించేవి ఏవి

మొదటి ఆడియో పుస్తకంగా, ఎప్పుడో చదివి సగం మర్చిపోయిన పుస్తకమే తీసుకోండి. ఇది నా గట్టి సలహా. కథ తెలుసు కాబట్టి 5 నిమిషాలు చెవి జారినా కంగారుండదు. వివరాలు మర్చిపోయాం కాబట్టి విసుగూ రాదు. హరికథకి వెళ్ళిన జనానికి రుక్మిణీ కల్యాణం తెలియదా? తెలిసిన కథ కాబట్టే మధ్యలో పక్కింటావిడతో 4 మాటలాడి మళ్ళీ కథలోకి వచ్చేవాళ్ళు.

తర్వాత, విడివిడి చిన్న కథలున్న సంపుటాలు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' దీనికి చక్కని నమూనా. అవి 100 కథలు, ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారానికొకటిగా వచ్చాయి. కృష్ణ ఒడ్డున ఒకే ఊరు, కథ మాత్రం ఏ వారానికావారం అయిపోతుంది. అంట్లు తోమడం మొదలుపెట్టినప్పుడు ఒక కథ మొదలైతే, గట్టు తుడిచేసరికి అది ముగుస్తుంది. నిన్న ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గురజాడ 'దిద్దుబాటు' కూడా అలాంటిదే. 1910లో వచ్చిన కథ, వినడానికి పావుగంట చాలు. మొదలుపెట్టడం తెలియక ఆగిపోయినవాళ్ళు దానితో మొదలుపెట్టొచ్చు.

ఒక మనిషి తన కథ తానే చెప్పే హాస్యం ఇంకా సుఖం. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు, దారి పొడుగునా తిప్పలు పడతాడు. రైలు, మద్రాసు, ఓడ, వరుసగా ఒకటే దారి. ఒక్కటే గొంతు. మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కునే ఘట్టం వినడానికి ముందు సంగతులేవీ గుర్తుండనక్కర్లేదు. ప్రయాణం కథలు చెవికి ఎందుకు తేలికంటే, ఎక్కడ అందుకున్నా "ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడు" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే చాలు.

హాస్యంలో ఒక మెలిక ఉంది. సంఘటన వల్ల నవ్వొచ్చే హాస్యం పనిలో బాగుంటుంది. మాట విరుపు మీద, శ్లేష మీద నిలబడే హాస్యం బాగుండదు. ఆ ఒక్క మాట మిక్సీ శబ్దంలో పోయిందంటే జోకు పోయినట్టే.

సీరియల్ నవలల సంగతి నాకు చాలా ఇష్టం. 60ల నుంచి 80ల దాకా వారపత్రికల్లో వచ్చిన నవలలు వారం గ్యాప్ తర్వాత చదివే పాఠకుడి కోసం రాసినవి. క్రితం వారం ఏమైందో పాఠకుడు మర్చిపోయి ఉంటాడని రచయితకి తెలుసు. అందుకే ప్రతి భాగం మొదట్లో పాత సంగతిని ఏదో వంకతో గుర్తుచేస్తారు, చివర్లో ఒక కొక్కెం తగిలిస్తారు. పుస్తకంగా ఏకబిగిన చదివేటప్పుడు ఆ పునరుక్తి విసుగనిపిస్తుంది. అంట్ల దగ్గర మాత్రం వరం. యద్దనపూడి సులోచనారాణి లాంటివారి ప్రేమకథలు, ఆ కాలపు కుటుంబ నవలలు ఈ కోవలోవే. నాయకుడు ధనవంతుడు, నాయిక అభిమానవతి అని మొదటి అరగంటలో తేలిపోతుంది. మిగతాది వాళ్ళిద్దరూ ఎప్పుడు కలుస్తారన్నదే.

థ్రిల్లర్లు? జాగ్రత్త. తేలికగా అర్థమవుతాయి, నిజమే. కానీ మరీ ఉత్కంఠగా ఉంటే పని ఆగిపోతుంది. ఒకరోజు చీపురు పట్టుకుని గది మధ్యలో 10 నిమిషాలు బొమ్మలా నిలబడిపోయాను, హంతకుడెవరో తేలేదాకా. అపరాధ పరిశోధనలో ఇంకో ఇబ్బంది, ఆధారం ఎప్పుడో ఒక్క వాక్యంలో జారవిడుస్తారు. అది వినకపోతే చివర్లో "ఓహో" అనుకునే సుఖం పోతుంది. ఇస్త్రీకి, వాకింగ్‌కి సరే. వంటకి వద్దు.

పనిలో పెట్టుకోకూడనివీ ఉన్నాయి. నవీన్ 'అంపశయ్య' ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజంతా పరిగెత్తే ఆలోచనల మీద నడుస్తుంది. దాన్ని చైతన్య స్రవంతి అంటారు. ఆ స్రవంతిలో 2 నిమిషాలు పోతే తీరం దొరకదు. విశ్వనాథ 'వేయిపడగలు' లాంటి మహాకాయాల్లో మనుషులూ ఎక్కువే, పొడవాటి వాక్యాలూ ఎక్కువే. వాటికి కూర్చుని వినే సమయం వేరే ఇవ్వాలి. అంట్లు తోముతూ వినడం వాటికి అన్యాయం, మనకీ దండగ.

4. గొంతు: సగం పుస్తకం అక్కడే ఉంది

కథ ఎంచుకోవడం కన్నా కష్టమైనది చదివే మనిషిని ఎంచుకోవడం. మంచి గొంతు అంటే గంభీరమైన గొంతు అని చాలామంది అనుకుంటారు. పనిలో వినడానికి గంభీరం కన్నా స్పష్టం ముఖ్యం. వాక్యం చివర గొంతు మింగేసేవాళ్ళతో చిక్కు. తెలుగులో క్రియ చివరన ఉంటుంది కదా, అది మింగేస్తే వచ్చాడో రాలేదో తెలియదు.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి కథలు దీనికి పెద్ద పరీక్ష. కథలో చాలా భాగం సంభాషణల మీదే నడుస్తుంది. ఎవరి మాట ఏదో గొంతులో చిన్న తేడా చూపించగలిగే మనిషి చదివితే, గోదావరి జిల్లా ఇంట్లో గుమ్మం పక్కన నిలబడి విన్నట్టుంటుంది. అన్నీ ఒకే శ్రుతిలో చదివితే 5 నిమిషాలకి ఎవరు ఎవరితో దెబ్బలాడుతున్నారో తెలియదు. అలాగని ఆడగొంతుకి మరీ సన్నగా, ముసలాయనకి మరీ వణుకుతూ నటించేవాళ్ళూ అలసట తెప్పిస్తారు.

యాస కూడా చూసుకోండి. కథకుడు నామిని రాసే చిత్తూరు మాటని, తెలంగాణ కథల్లో మాటని ఆ నేల మనిషి చదివితే ప్రాణం ఉంటుంది. యాస రానివాళ్ళు చదివితే, ఆ ప్రాంతపు వినేవాళ్ళకి పళ్ళెంలో రాయి తగిలినట్టుంటుంది. మీది కాని యాస అయితే మొదటి 20 నిమిషాలు అంట్ల దగ్గర కాక, ఊరికే కూర్చుని వినండి. చెవి అలవాటుపడ్డాక పనిలోకి తీసుకెళ్ళొచ్చు.

వెనకాల మ్యూజిక్ నిరంతరం మోగేవి, తలుపు తీస్తే కిర్రు, వానకి హోరు వినిపించేవి నేను వంటింట్లో వినను. రేడియో నాటకంలో శబ్దాలకి ఒక లెక్క ఉండేది, అవసరమైన చోటే వచ్చేవి. ఇప్పుడు కొన్ని ఆడియో సిరీస్‌లలో మాటకన్నా మోతే ఎక్కువ. ఒకసారి కథలో కుక్కర్ విజిల్ వేస్తే స్టవ్ కట్టేశాను. పప్పు ఉడకలేదు.

5. నిడివి లెక్క

9 గంటల నవల రోజుకి 40 నిమిషాల చొప్పున వింటే దాదాపు 2 వారాలు పడుతుంది. అలవాటు లేనివాళ్ళకి అది ఎక్కువే. మొదటిది 3 గంటల లోపుదైతే వారంలో పూర్తవుతుంది, పూర్తయిన ఉత్సాహం తర్వాతిదానికి పనికొస్తుంది. అధ్యాయాలు 10 నుంచి 20 నిమిషాలుంటే మంచిది. మొత్తం పుస్తకాన్ని ఒకే 6 గంటల ఫైలుగా పెట్టిన వీడియోలైతే, ఆపిన చోటు ఫోన్ మర్చిపోయిందంటే వెతుక్కోవడం పెద్ద తలనొప్పి.

వందల ఎపిసోడ్లు ఉన్న యాప్ సిరీస్‌లు తేలికగానే ఉంటాయి. కానీ కొన్నిచోట్ల మొదటి భాగాలు ఉచితంగా ఇచ్చి, కథ రసపట్టులో పడ్డాక ఎపిసోడ్‌కింత అని కాయిన్లు అడుగుతారు. చేతికి సబ్బు నురగ ఉన్నప్పుడు "కొను" నొక్కడం చాలా సులభం, అది నాకు అనుభవమే. మొదలుపెట్టే ముందు మొత్తం ఎన్ని ఎపిసోడ్లు, కథ అసలు ముగిసిందా లేదా చూసుకోండి.

6. ఎక్కడ వెతకాలి

తెలుగు ఆడియో పుస్తకాలకే పెట్టిన యాప్ దాసుభాషితం. సాహిత్యం కావాలంటే నేను ముందు అక్కడ చూస్తాను. కుకు ఎఫ్‌ఎం, పాకెట్ ఎఫ్‌ఎం లాంటి వాటిలో సిరీస్‌లు ఎక్కువ. పాడ్‌కాస్ట్ యాప్‌లో 'హర్షణీయం' అని వెతికితే తెలుగు కథలు దొరుకుతాయి. యూట్యూబ్‌లో కిరణ్ ప్రభ గారి టాక్ షోలు పుస్తకాల గురించి, రచయితల గురించి. అచ్చంగా నవల చదవడం కాదు గానీ, ఏ నవల వినాలో తేల్చుకోవడానికి చాలా మంచి దారి. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో వస్తాయి. నాటకం వచ్చే వేళ తెలుసుకుని పెట్టుకుంటే అంతకన్నా హాయి లేదు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నవాళ్ళు ఆ వేళని తమ గడియారానికి మార్చుకుంటే చాలు.

యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన నవలలు వినే ముందు ఒక మాట. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ వరకు హక్కులు వారసులవి. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ఆయనవి ఎవరైనా చదివి పెట్టొచ్చు. 1961లో పోయిన శ్రీపాద వారివీ ఇప్పుడు అంతే. నిన్న మొన్నటి రచయితల నవలలు అనుమతి లేకుండా పెడితే అది దొంగసరుకే.

ఫోన్ చేత చదివించుకోవడం కూడా ఉంది. ఈ-పుస్తకాన్ని యంత్రం గొంతు తెలుగులోనే చదువుతుంది. వార్తలకి, వ్యాసాలకి సరిపోతుంది. కథకి మాత్రం, "అబ్బ" అన్న మాటని బాధగా అనాలో ఎగతాళిగా అనాలో దానికి సరిగా తెలియదు. గత్యంతరం లేనప్పుడు వాడుకోండి.

7. ఫోన్‌లో 4 మార్పులు, ఒక హెచ్చరిక

ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. 64 కేబీపీఎస్ నాణ్యతలో ఉన్న ఆడియో గంటకి దాదాపు 29 ఎంబీ, అంటే 9 గంటల నవల 260 ఎంబీ. ఫోన్‌లో పెళ్ళి వీడియో ఒకటి తీసేస్తే సరిపోతుంది.

వెనక్కి జరిపే బటన్ 30 సెకన్లకి పెట్టుకోండి. 10 సెకన్లయితే చాలదు, తడిచేత్తో 3 సార్లు నొక్కాలి. ఇయర్‌ఫోన్ మీద నొక్కితే ఆగేలా ముందే చూసుకుంటే ఫోన్‌కి పిండి అంటదు.

వేగం 1.1 లేదా 1.25 దాకా చాలామందికి బాగుంటుంది, ఎందుకంటే మనవాళ్ళు కొందరు మరీ నెమ్మదిగా చదువుతారు. మిక్సీ, వాషింగ్ మెషిన్ మోగుతుంటే మళ్ళీ మామూలు వేగానికి తెండి. పడుకునే ముందు వింటే స్లీప్ టైమర్ 15 నిమిషాలు. లేకపోతే తెల్లారేసరికి నాయికకి పిల్లలు పుట్టేసి ఉంటారు.

వంటింట్లో ఒక చెవికే పెట్టుకోండి, శబ్దాన్ని మూసేసే సెట్టింగు తీసేయండి. గ్యాస్ మీద పాలు, గుమ్మంలో కాలింగ్ బెల్, పక్క గదిలో చంటిది, ఇవన్నీ రెండో చెవికి వినిపించాలి. ఇయర్‌ఫోన్స్ పడనివాళ్ళు ఫోన్‌ని స్టీలు గిన్నెలో నిలబెడుతుంటారు. శబ్దం పెరుగుతుంది గానీ మాట గిన్నెలోంచే వచ్చినట్టు గింగురుమంటుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్ దానికన్నా నయం. బండి మీద, అంటే టూవీలర్ మీద, ఇయర్‌ఫోన్స్ అసలు వద్దు. కథ రోడ్డు దాటాక వినొచ్చు.

8. నచ్చకపోతే వదిలేయడం, నచ్చితే రాసుకోవడం

డబ్బు పెట్టి కొన్నాం కదా అని 9 గంటలు పళ్ళ బిగువున వినేవాళ్ళున్నారు. నేను 3 రోజులు చూస్తాను. 3 రోజుల్లోనూ, పని మొదలుపెట్టగానే "అబ్బ, ఆ కథ పెట్టుకోవాలా" అనిపిస్తే తీసేస్తాను. చాలాసార్లు తప్పు పుస్తకానిది కాదు, పనిది. వంటలో విసిగించినది ఒకటి, నెల తర్వాత రైలు ప్రయాణంలో కళ్ళనీళ్ళు పెట్టించింది.

అందుకే ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకున్నాను. సమీక్ష కాదు, ఒక్కో పుస్తకానికి ఒక్క లైను. పేర్లు తీసేసి ఈ నెలవి కొన్ని:

"ఇస్త్రీకి బాగుంది. వంటకి వద్దు, పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి."

"గొంతు ఈయనదే ఇంకోటి వెతకాలి. 1.2లో పెట్టాలి."

"మ్యూజిక్ ఎక్కువ. అమ్మకి నచ్చింది, ఆవిడ ఫోన్‌లో పెట్టాను."

"అంట్లు అయిపోయాయి, కథ అవలేదు. స్టవ్ కూడా కడిగేశాను."